మిద్దె మీద ఎర్ర దుప్పటి

ఆ ఏడు ఎలక్షన్లు నడి ఎండల్లో వచ్చాయి. జమ్మలమడుగు కాలేజీ గ్రౌండులో ముళ్లకంప కొట్టేసి, నడుమ సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. నాయకుడు హెలికాప్టరులో దిగుతాడని ఊరూవాడా ఆయన్ని చూడ్డానికి పోయింది. నేను మాత్రం ఆ హెలికాప్టరు మెకానిక్కును చూడ్డానికి పోయాను. ఆయన నా మొగుడు.

దేవపాలు నాకు మేనత్త కొడుకు. ఎయిర్‌ఫోర్సులో చేరి, గడువు తీరాక బయటికొచ్చి, హెలికాప్టర్లు బాడుగకిచ్చే ఒక కంపెనీలో మెకానిక్కుగా కుదిరాడు. నాకేమో ఇక్కడ మిషన్ స్కూల్లో టీచరు పని. పెళ్లయినప్పటి నుంచి మేం ఒక కప్పు కింద ఉన్న రోజులకంటే ముద్దనూరు స్టేషన్లో చేతులూపుకున్న రోజులే ఎక్కువ. పిల్లలు లేరు. ఇంట్లో నేనూ, ఆయన నాయన పాలయ్య మామా. ఆ ఎండాకాలం ఆ కంపెనీ హెలికాప్టరును పార్టీ బాడుగకు తీసుకుంది. రాత్రి మకాం ప్రొద్దుటూరులో. నాకు పార్టీలంటే మొదట్నించీ పడదు గానీ, నా మొగుణ్ని నాకు అంత దగ్గరికి తెచ్చినందుకు ఆ నెలంతా ఆ పార్టీని పల్లెత్తు మాట అనలేదు.

దుమ్ము అణిగాక ఆయన ఇంటికి వచ్చి ఒక గంట కూర్చున్నాడు. మామ ఆయన్ని కాళ్లు కూడా కడుక్కోనీయలేదు.

"ఏందిరా, పైనుంచి చూస్తే మన ఇల్లు కనపడ్తాదా?"

"యాడ కనపడ్తాది నాయనా! గండికోట కొండ కనపడ్తాది, పెన్న కనపడ్తాది. ఊర్లో అన్నీ మట్టిమిద్దెలే. మనది యాదో కనుక్కునే లోపలే దాటిపోతాం."

"అయితే నేను గుర్తు పెడతా బావా," అన్నాను. లోపలికి పోయి పెళ్లికి మా అమ్మ పెట్టిన ఎర్ర దుప్పటి తెచ్చి చూపించాను. "మిద్దె మీద దీన్ని పరుస్తా."

"మేయ్, ఎర్రజెండా అనుకొని కమ్యూనిస్టోళ్లు వచ్చి కూచుంటారు ఇంట్లో," అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసం నేను ఎన్ని రైళ్లకు ఎదురుచూశానో ఆయనకు తెలీదు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే దుప్పటి తీసుకుని నిచ్చెన ఎక్కేదాన్ని. నాలుగు మూలలా రాళ్లు పెట్టి బడికి పోయేదాన్ని. పిల్లలకు ఎక్కాలు చెబుతున్నా చెవులు మాత్రం ప్రొద్దుటూరు దిక్కే ఉండేవి. దూరంగా దడదడ వినపడగానే పిల్లలందరూ బయటికి పరిగెత్తి "టీచరమ్మ మొగుడు! టీచరమ్మ మొగుడు!" అని అరిచేవాళ్లు. నేను బెత్తం పట్టుకుని వాళ్ల వెనకాలే పోయేదాన్ని, కొట్టడానికన్నట్టు. మా ఇంటి పైకి రాగానే హెలికాప్టరు ఒక పక్కకు కొంచెం వంగేది. పైలట్ కెప్టెన్ సారు పంజాబు మనిషి, మంచివాడు. "మీ ఇంటామె దుప్పటి వచ్చింది చూడు" అని ఆయనే చెప్పి వంచేవాడట. అంత ఎత్తు నుంచి నేను మా ఆయనకు చీమంత కూడా కనపడి ఉండను. అయినా చీర మార్చుకుని, తల దువ్వుకుని పోయేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన బస్సెక్కి ఇంటికొచ్చాడు. రాగిసంగటి, శెనక్కాయల చట్నీ పెట్టాను. ముద్దను వేళ్లతో కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏంది బావా, నచ్చలేదా?"

"అది కాదు సుశీలా. లోపల ఒక పసుపు దీపం ఉండాది. గేర్‌బాక్సు నూనెలో ఇనప రజను కనపడితే వెలుగుతాది. తుడిచి పెడితే ఆరిపోతాది, రెండునాళ్లకు మళ్లా వెలుగుతాంది."

"అంటే?"

"బోరు మోటారులో బేరింగు పోయేముందు రజను రాలుస్తాది సూడు, అట్ల. లోపల ఏదో అరుగుతాంది. దాన్ని దించి వేరేది ఎక్కించాల. అంతవరకూ లేపకూడదు."

"చెప్పొచ్చు గదా!"

"చెప్పినా. రాసిచ్చినా. కెప్టెన్ సార్ గూడా చెప్పినాడు. ఎలక్షన్లు అయ్యేదాకా తిప్పుకోమని కంపెనీ ఢిల్లీలో విమానాల ఆఫీసు నుంచి గడువు తెచ్చింది."

"ఢిల్లీ వాళ్లు వచ్చి చూసినారా?"

"ఎవురొస్తారు ఈ ఎండల్లో! ఫోన్లో అడిగినారు, ఫోన్లో ఇచ్చినారు."

మామ మంచం మీద లేచి కూర్చుని, "వద్దురా, ఇంటికొచ్చేయ్," అన్నాడు. నేనూ అదే అన్నాను. ఇంకా గట్టిగా అన్నాను.

"నేను దిగితే ఇంకోణ్ని ఎక్కిస్తారు నాయనా. ఆ మిషను నాకు తెలిసినట్ల వానికి తెలీదు. కెప్టెన్ సార్‌కు చిన్న పిల్లలుండారు. ఇంకెంత, పోలింగ్ దాకానే గదా." సంగటి మొత్తం తిన్నాడు, నన్ను ఊరుకోబెట్టడానికే తిన్నాడని నాకు తెలుసు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, "దుప్పటి మర్చిపోవద్దు," అన్నాడు.

పోలింగుకు ముందు వారం ఒకరోజు ఉదయం నాయకుడు పులివెందులలో ఉన్నాడు. ఆయన్ని ఎక్కించుకోవడానికి హెలికాప్టరు ప్రొద్దుటూరు నుంచి ఖాళీగా బయల్దేరింది. కెప్టెన్ సారూ, మా ఆయనా, ఇద్దరే. మా ఇంటి మీదుగా వచ్చి పోవాలి. నేను దుప్పటి పరిచి బడికి పోయాను. సెలవుల ముందు పరీక్షలు జరుగుతున్నాయి. మధ్యాహ్నం గంట కొట్టారు, పిల్లలు అన్నాలకు పోయారు, దడదడ వినపడలేదు. నాయకుడు ఏ ఊర్లోనో ఆలస్యం చేసి ఉంటాడనుకున్నాను. మనసులో తిట్టుకున్నాను కూడా. అంతలో హెడ్మాస్టరు గది నుంచి బయటికి వచ్చి, నా వైపు చూసి, మళ్లీ లోపలికి పోయాడు.

ముద్దనూరు కొండల దిక్కున నల్లరాళ్లపల్లె అనే ఊరి పక్కన హెలికాప్టరు పడిందట. ఆ పొద్దు దారి మార్చి నేరుగా పులివెందులకు పొమ్మన్నారట, నాయకుడు తొందర పడుతున్నాడని. నల్లరాళ్లపల్లె ఎదుటి పార్టీ ఊరు. ఓట్లు వేయకముందే ఎవరికి ఎన్ని పడతాయో తెలిసిన ఊరు. సాయంత్రం దేవపాలు శవాన్ని ఆసుపత్రికి తెచ్చారు. ఆడవాళ్లు వద్దని పట్టుకున్నా నేను లోపలికి పోయాను. నడుము కింద చూడలేకపోయాను. ముఖం మాత్రం శుభ్రంగా ఉంది, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టు. తొడకు ఒక నీలం చీర చెంగు బిగించి కట్టి ఉంది.

"ఇది కట్టినదెవరు?" అని ఎస్సైని అడిగాను.

"ఎవురూ లేరమ్మా ఆడ. మేం పోయేసరికి ఊరంతా ఖాళీ. అందరూ చక్రాయపేటలో పెండ్లికి పోయినారంట."

చెంగు ముక్క విప్పి ఇవ్వమన్నాను. ఇంటికి తెచ్చి ఉతికి ఆరేశాను.

ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థనలు అయి పాస్టరుగారు పోయినాక, పార్టీ ఆఫీసు చూసుకునే నారాయణ వచ్చాడు. దండ తెచ్చాడు. ఫోటోకు వేసి, తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని, అరుగు మీద కూర్చున్నాడు.

"టీచరమ్మా, మీ ఆయన చావు ఊరికే పోకూడదు. నల్లరాళ్లపల్లె నాకొడుకులు నాటుబాంబులేసి కూలగొట్టినారు. నువ్వొక్క మాట చెప్తే చాలు. బెదిరింపులొస్తాండాయని మీ ఆయన నీతో అన్నాడని."

"ఆకాశంలో పోయేదానికి నాటుబాంబు అందుతాదా అన్నా?"

"అందుతాదో లేదో మనకెందుకమ్మా? జనం నమ్ముతారు. కేసులో ఎవుని పేర్లు రాయాలో మేం సూసుకుంటాం."

"ఆయన నాతో అన్నది బెదిరింపుల గురించి కాదు. పసుపు దీపం గురించి."

నారాయణ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "అది కంపెనీ సంగతి. ఆ కంపెనీ మనోళ్లదే. ఆ జోలికి పోవద్దు," అని లేచాడు. నారాయణ వీధి మలుపు తిరిగాక మామ లేచి ఫోటోకున్న దండ తీసి మేకకు మేతగా వేశాడు.

ఢిల్లీ ఆఫీసు సార్లు వారం పోయినాక వచ్చారు. అప్పటికే కంపెనీ లారీ వచ్చి, విరిగిన మిషను ముక్కలన్నీ ఏరుకుని ప్రొద్దుటూరులో ఒక గోడౌనులో పెట్టి తాళం వేసింది. కాపలా ఉన్న హోంగార్డులు అడ్డం చెప్పలేదు, ఎవరూ చెప్పమనలేదట. సార్లు తిరగడానికి కారూ కంపెనీదే, గోడౌను తాళంచెవీ కంపెనీ దగ్గరే. పైగా ఆ మిషనును తిప్పుకొమ్మని గడువిచ్చిందీ ఆ ఆఫీసే, ఎందుకు పడిందని అడగడానికి వచ్చిందీ ఆ ఆఫీసే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు ఉందని మామ అంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఊర్లో అప్పుడే ఒక మాట పుట్టింది, మెకానిక్కు సరిగా చూసుకోలేదంట, అని. కంపెనీ వాళ్ల నోటి నుంచి పుట్టి మా వీధి కుళాయి దాకా వచ్చింది. దానికి మామ కుంగినంత చావుకు కూడా కుంగలేదు. "సైకిలు చైనుకు నూనె ఎయ్యకుండా బడికి పోయినోడు కాదమ్మా వాడు," అని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాడు. నాకు రెండే కోరికలు ఉండేవి అప్పుడు. ఆయన పేరు మీద ఆ మచ్చ పడకూడదు. ఆఖరి గడియలో ఆయన ఒక్కడే ఉన్నాడో లేదో తెలియాలి. రెండింటికీ జవాబు ఆ నీలం చెంగు దగ్గరే ఉంది.

మా పక్క ఎంత కొట్టుకున్నా, ఎంత చంపుకున్నా ఆడవాళ్ల జోలికి పోరాదని ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటి పార్టీ ఊరికైనా ఆడమనిషి పోయి రావచ్చు. ముద్దనూరులో బస్సు దిగి, ఎండలో నడుచుకుంటూ నల్లరాళ్లపల్లెకు పోయాను. నా తెల్లచీర చూసి అరుగుల మీది మగవాళ్లు తలలు పక్కకు తిప్పుకున్నారు. ఊరి చివర ఒక ఇంటి ముందు ఒకామె చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. నాకంటే పదేళ్లు పెద్దది. కట్టుకున్నది నీలం చీర, చెంగు చిరిగిపోతే ఆ అంచును సూదితో కుట్టుకుంది. నేను సంచిలోంచి ముక్క తీయలేదు. తీయాల్సిన పని లేకపోయింది.

"లోపలికి రా తల్లీ," అంది ఆమె. పేరు మునెమ్మ.

తలుపు వేసి, చాప పరిచి, నన్ను కూర్చోబెట్టింది. తర్వాత తానే మొదలుపెట్టింది.

"నేను చేన్లో కట్టెలేరుకుంటాండా. పైన ఇసుర్రాయిలో గులకరాయి పడినట్ల ఒకటే శబ్దం. తలెత్తి సూస్తే రెక్క కాడ పొగ. తిరుక్కుంటా తిరుక్కుంటా వచ్చి పడింది. దడుమని ఊరంతా అదిరింది. మా ఊర్లో శబ్దమైతే మొగోళ్లు ఊర్లో నిలబడరు తల్లీ. బాంబులేసినారనుకొని అందరూ ఎండిపోయిన వంకలోకి పరిగెత్తినారు. ఒకటి ఎదుటి పార్టీ బయం, ఇంకొకటి పోలీసోళ్ల బయం."

"నువ్వు పోయినావా?"

"పోయినా. ఒకాయన అప్పటికే లేడు. మీ ఆయనకు పానం ఉంది. రేకు కింద కాళ్లు ఇరుక్కున్నాయి. నేనొక్కదాన్నే ఎత్తలేకపోయినా. వంకలోకి కేకేసినా, బాంబు గాదు రా, విమానం రా, రాండిరా అని. ఒక్కడూ రాలేదు. ఎదుటోళ్లు ఆడమనిషి చేత కేకేయించి బయటికి పిలుస్తాండారనుకున్నారు. నా కొడుకు గూడా వాళ్లలోనే ఉండాడు. వాడూ రాలేదు." ఆమె చింతగింజలు దోసిట్లోకి తీసుకుని మళ్లీ చాటలో పోసింది. "ఇద్దరు మొగోళ్లు ఉండింటే ఎత్తిందుము."

నేను ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది.

"నీళ్లు తాగినాడా?"

"చెంబెడు తాగినాడు. తల నా ఒళ్లో పెట్టుకున్నా. నొప్పి అనలేదు. జమ్మలమడుగు యా దిక్కని అడిగినాడు. చూపించినా." మునెమ్మ ఆగి నా ముఖంలోకి చూసింది. "మా ఇంటామె మిద్దె మీద ఎర్ర దుప్పటి పరిచింటాది, అన్నాడు. ఈపొద్దు రాలేనని చెప్పు, ఎండకు వెలిసిపోతాది, తీసేయమని చెప్పు, అన్నాడు. అంతే. నాకు ఆ మాట ఎట్ల చేరేయాలో దావ తెలీక ఇన్నాళ్లూ నిద్ర లేదు తల్లీ."

దుప్పటి సంగతి మా ఇంట్లోవాళ్లకూ, పోయిన కెప్టెన్ సారుకూ తప్ప ఎవరికీ తెలీదు. అది మిద్దె మీదే ఉంది అప్పటికీ. ఇంటికి వచ్చిపోయే జనంలో, ఏడుపుల్లో, ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా.

"అక్కా, ఈ మాట ప్రొద్దుటూరులో సార్లకు చెప్తావా? శబ్దం, పొగ, పైనే వచ్చినాయని. ఆ ఒక్కమాటతో ఆయన పేరు నిలబడ్తాది."

మునెమ్మ తల ఊపింది. అవుననో కాదనో నాకు తెలియలేదు.

ప్రొద్దుటూరు ట్రావెలర్స్ బంగళాలో విచారణ పెట్టారు. ఢిల్లీ సారుకు తెలుగు రాదు. ఊర్లో హిందీ బాగా వచ్చిన అలీ అహ్మద్ అనే రిటైర్డు గుమాస్తాను తెలుగు మాటలు హిందీలో చెప్పడానికి కూర్చోబెట్టుకున్నారు. మొదట నన్ను పిలిచారు. దీపం గురించి చెప్పాను, రజను గురించి చెప్పాను, ఫోన్లో ఇచ్చిన గడువు గురించి చెప్పాను. మా ఆయన రాసిచ్చాడు కదా అంటే, అలాంటిదేదీ తమ దగ్గర లేదని కంపెనీ మనిషి అన్నాడు. బాంబుల మాట నేను చెప్పలేదు. వరండాలో కూర్చున్న నారాయణ నా వైపు చూడటం మానేశాడు.

తర్వాత నల్లరాళ్లపల్లె వాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఫ్యాక్షన్ కేసుల్లో అలవాటైన ఊరు, సాక్ష్యం ఎలా చెప్పాలో ఆ ఊరి పెద్దాయన నేర్పి పంపించాడు. "ఆ పొద్దు ఊర్లో లేము. చక్రాయపేటలో పెండ్లికి పోయినాం." ఒక్క అక్షరం తేడా లేదు. పెండ్లికూతురు పేరు అడిగితే మాత్రం ఒకడు వసంతమ్మ అన్నాడు, ఇంకొకడు ఇందిరమ్మ అన్నాడు. అలీ అహ్మద్ నవ్వాపుకోలేక దగ్గినట్టు దగ్గాడు. ఢిల్లీ సారు రెండు పేర్లూ రాసుకున్నాడు.

చివర్లో మునెమ్మ వచ్చింది. నీలం చీర కాదు, కొత్తది కట్టుకుంది. ఆమె వెనకాల వాకిలి దగ్గర పాతికేళ్ల కుర్రాడు నిలబడ్డాడు, తల వంచుకుని. కొడుకని చెప్పకుండానే తెలుస్తోంది. నా సంచిలో చెంగు ముక్క ఉంది. చెయ్యి దాని మీదే ఉంది.

"ఆ పొద్దు ఊర్లో లేను సారూ," అంది మునెమ్మ. "చక్రాయపేటలో పెండ్లికి పోయినా."

ఢిల్లీ సారు ఏదో అన్నాడు. అలీ అహ్మద్ నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు మెకానిక్కు భార్యవు. ఈమెను ఏమన్నా అడగాల్నా?"

వరండాలో నారాయణ చేతిలో కాగితం ఉంది. బాంబు కేసులో రాయడానికి పేర్లు వెతుకుతున్నాడని అందరికీ తెలుసు. ఆ పొద్దు ఆమె ఊర్లో ఉంటే ఆమె కొడుకూ ఊర్లో ఉన్నట్టే. మునెమ్మ నా వైపు చూసింది. ఆమె కళ్లల్లో బతిమాలుకోవడం లేదు. నువ్వు అడిగితే చెప్తానన్నట్టే ఉంది ఆ చూపు. అదే నన్ను పట్టుకుంది. వంకలోంచి ఎవరూ రాకపోయినా ఒక్కతే వచ్చి నా మొగుడి తల ఒళ్లో పెట్టుకున్న మనిషి. ఆయన ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. కెప్టెన్ పిల్లల కోసం దిగనని కూర్చున్నవాడు.

"ఏమీ లేదు సార్," అన్నాను.

మునెమ్మ బయటికి పోయి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ చాలాసేపు నిలబడింది. అక్కడున్నవి ఒక్క జతే.

మునెమ్మ చెప్పిన రోజు దుప్పటి తీయడానికి మనసు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి నిచ్చెన ఎక్కాను. దుప్పటి ఒక పక్క పూర్తిగా వెలిసిపోయి ఉంది. దులిపి, మడిచి, కిందికి తెచ్చాను. మునెమ్మ చెప్పిందంతా మామకు చెప్పాను, ఒక్క మామకే.

రిపోర్టు మళ్లీ ఎలక్షన్లు వచ్చేదాకా రాలేదు. వచ్చినాక పేపర్లో లోపలి పేజీలో నాలుగు వరసలు వేశారు. తీవ్రమైన ఎండ, మెకానిక్కు అజాగ్రత్త. గడువు మాట లేదు. ప్రత్యక్ష సాక్షులు ఎవరూ లేరట. బాంబు కేసు ఓట్లు పడినాక ఎప్పుడో మరుగున పడిపోయింది. మామ ఆ పేపరు చదివించుకుని, సమాధుల తోటకు పోయి, కొడుకు రాయి మీది దుమ్ము పైపంచెతో తుడిచి వచ్చాడు. "వానికి తెలుసులేమ్మా," అన్నాడు. నాకూ తెలుసు. మునెమ్మకూ తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలీదు.

ఆ ఎలక్షన్లకు కూడా హెలికాప్టరు వచ్చింది. అదే కంపెనీ, కొత్త రంగు. ఆదివారం కావడంతో నేను ఇంట్లో ఉన్నాను. ప్రొద్దుటూరు దిక్కున దడదడ వినపడగానే నా కాళ్లు నా మాట వినలేదు. పెట్టె తెరిచి దుప్పటి తీసుకుని నిచ్చెన ఎక్కాను. నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పైకి చూస్తూ నిలబడ్డాను. అది నేరుగా పోయింది, ఎటూ వంగలేదు. శబ్దం పూర్తిగా పోయేదాకా, పోయినాక కూడా, అలాగే నిలబడ్డాను. బావా, అని పిలిచాను, ఎవరూ లేరు కదా అని కాస్త గట్టిగానే.

సాయంత్రం ఎండ తగ్గకముందే నేనే మడిచి తెచ్చుకున్నాను. తీసేయమని చెప్పాడు కదా.